విదేశయాత్రలో విద్యుత్తు – ముందుచూపు

(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చదివిన ప్రసంగ పాఠం)



తిరునిన్రవూరు అనే పేరులోనే ఒక ప్రయాణ కథ ఉన్నది. "తిరు" అంటే లక్ష్మీదేవి. వైకుంఠాన్ని వీడి వచ్చిన ఆ తల్లి నిలిచిన ఊరు కనుక ఈ పేరు వచ్చిందని స్థలపురాణం. ఆమెను వెదుకుతూ వచ్చిన స్వామి ఇక్కడ భక్తవత్సలుడై వెలిశాడు. ఈ సన్నిధి నూట ఎనిమిది దివ్యదేశాలలో ఒకటి. ఈ ఊరివాడే అయిన పూసలార్ నాయనారు కథ పెరియపురాణంలో ఉన్నది. గుడి కట్టడానికి ధనం లేక ఆయన మనస్సులోనే పునాది తీసి, రాయి మీద రాయి పేర్చి, శిఖరం నిలిపి, కుంభాభిషేకానికి ముహూర్తం కూడ పెట్టుకున్నాడు. అదే రోజున కంచిలో తాను కట్టించిన గుడికి ముహూర్తం పెట్టుకున్న పల్లవరాజుకు శివుడు కలలో కనిపించి, ఆనాడు తాను పూసలారు గుడికి వెళ్లవలసి ఉన్నదని చెప్పాడట. భక్తి మాట అలా ఉండగా, ఈ కథలో ఒక లౌకిక నీతి కూడ కలదు. ముందుగా మనస్సులో పూర్తి చేసుకున్న పనికి విఘ్నం తక్కువ. పరదేశ ప్రయాణానికి ఈ నీతి బాగా వర్తిస్తుంది.

ఈ ప్రసంగానికి విషయం చూడటానికి చాలా చిన్నది. విదేశాలకు వెళ్లేవారు తమ సెల్‌ఫోను, లాప్‌టాప్, వినికిడి యంత్రం మొదలైన పరికరాలలో విద్యుత్తు ఆరిపోకుండా ఎలా చూసుకోవాలి అన్నదే ఆ విషయం. ఇంత పెద్ద సభలో ఇంత చిన్న మాటా అని కొందరికి తోచవచ్చు. కాని ఆవడి మొదలు తిరుత్తణి వరకు తెలుగు కుటుంబాలను చూస్తే, బిడ్డలు అమెరికాలోనో సింగపూరులోనో దుబాయిలోనో ఉన్న ఇళ్లు నేడు తక్కువ కావు. కూతురి పురుటికి, కోడలి సీమంతానికి, మనుమడి అన్నప్రాశనకు ఇక్కడి పెద్దలు సముద్రాలు దాటి వెళ్లుతున్నారు. వారిలో చాలమంది తెలుగు మాధ్యమంలో చదువుకున్నవారు. తెలుగు, తమిళం ధారాళంగా మాట్లాడగలరు. ఇంగ్లీషు అంతంత మాత్రం.

అటువంటి ఒక తల్లిని ఊహించుకుంటే చాలు. ఆమె టికెట్టు ఫోనులో ఉన్నది. కూతురి ఇంటి చిరునామా, వీసా నకలు, మందుల చీటీ అన్నీ ఫోనులోనే ఉన్నవి. అధికారి అడిగిన ప్రశ్నను తెలుగులోకి మార్చి చెప్పేదీ, ఆమె తెలుగులో చెప్పిన జవాబును ఇంగ్లీషులోకి మార్చి వినిపించేదీ ఆ ఫోనే. అది ఆరిపోయిన క్షణాన ఆ తల్లికి పరదేశంలో నోరు, చెవి, చిరునామా మూడూ పోయినట్లే. తిరుత్తణిలో జన్మించిన సర్వేపల్లి రాధాకృష్ణన్ 1936లో ఆక్స్‌ఫర్డులో ఆచార్య పదవి చేపట్టిన నాటి ప్రయాణికునికి కాగితం, కలం సరిపోయేవి. ఆనాటి కాగితాలన్నీ నేడు ఒక్క అద్దపు పలకలోకి చేరినవి. ఆ పలకకు ఆహారం విద్యుత్తు.

కనుక మొదట తెలుసుకోవలసినది ఆ ఆహారం దేశానికి ఒక తీరుగా ఉంటుందన్న సంగతి. భారతదేశంలో ఇళ్లకు వచ్చే విద్యుత్తు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ఇంగ్లండు, ఐరోపా దేశాలు, సింగపూరు, దుబాయి, ఆస్ట్రేలియాలలోనూ ఇంచుమించు ఇంతే. అమెరికాలో మాత్రం 120 వోల్టులు, 60 హెర్ట్జ్. జపానులో 100 వోల్టులే. అక్కడ మరొక వింత కూడ కలదు. పందొమ్మిదవ శతాబ్దం చివర టోక్యో జర్మనీ నుండి, ఒసాకా అమెరికా నుండి విద్యుత్ యంత్రాలను తెప్పించుకోవడం వలన నేటికీ ఆ దేశపు తూర్పు భాగం 50 హెర్ట్జ్ మీద, పడమటి భాగం 60 హెర్ట్జ్ మీద నడుస్తున్నది. ఒకనాడు చేసిన కొనుగోలు నూరేళ్లు దాటినా ఒక దేశాన్ని రెండుగా ఉంచింది.

ఈ తేడాలు విని భయపడనక్కరలేదు. ఫోను చార్జరును, లాప్‌టాప్ చార్జరును తిప్పి చూస్తే సన్నని అక్షరాలలో "ఇన్‌పుట్" అన్న మాట ఉంటుంది. దాని ప్రక్కన 100–240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటే ఆ చార్జరు ప్రపంచంలో ఏ ఇంటి విద్యుత్తునైనా స్వీకరిస్తుంది. నేటి ఫోను, లాప్‌టాప్, కెమెరా చార్జర్లలో అత్యధికం ఈ రకానివే. వీటికి వోల్టేజిని మార్చే బరువైన ట్రాన్స్‌ఫార్మరు అవసరం లేదు. పిన్నుల ఆకారాన్ని మార్చే ఎడాప్టర్ ఒక్కటి చాలు. బజారులో రెండూ ఒకే గాజు బీరువాలో ఉంటాయి. ఏది ఏ పని చేస్తుందో తెలియక కొన్నవారు చిక్కులలో పడుతున్నారు. ఎడాప్టర్ ఆకారాన్నే మారుస్తుంది, వోల్టులను మార్చదు. ఈ ఒక్క వాక్యం గుర్తుంటే సగం ఆపద తప్పినట్లే.

మిగిలిన సగం ఆపద ఆ లేబులు మీద 230 వోల్టులు అని మాత్రమే ఉన్న పరికరాలలో ఉన్నది. ఇస్త్రీ పెట్టె, మిక్సీ, నీళ్లు కాచే కెటిల్, ఉబ్బసం రోగులు వాడే నెబ్యులైజర్ ఇటువంటివి. వేడి పుట్టించే పరికరానికి వోల్టేజి సగమైతే శక్తి నాలుగవ వంతుకు పడిపోతుంది. ఇక్కడ 1000 వాట్ల ఇస్త్రీ పెట్టె అమెరికాలో 120 వోల్టుల మీద సుమారు 270 వాట్ల వేడినే ఇస్తుంది. దానితో చొక్కా ముడత పోదు. అది కేవలం అసౌకర్యం. కాని తండ్రిగారి నెబ్యులైజర్ అర్ధరాత్రి సరిగా తిరగకపోతే అది ప్రాణసంకటం. నెబ్యులైజర్, నిద్రలో శ్వాసకు వాడే యంత్రం వంటివి ఉన్నవారు లేబులు చదవకుండా పెట్టె సర్దకూడదు. 230 వోల్టులు మాత్రమే అని ఉంటే అక్కడి విద్యుత్తుకు సరిపోయే యంత్రాన్ని బిడ్డలు ముందుగానే కొని సిద్ధంగా ఉంచడం మేలు. ఇందుకు విరుద్ధమైన తప్పు తిరుగు ప్రయాణంలో జరుగుతుంది. అమెరికాలో కొన్న 120 వోల్టుల పరికరాన్ని ఇక్కడి సాకెట్టులో పెడితే రెట్టింపు వోల్టేజి తగిలి క్షణంలో మాడిపోతుంది.

ఇక ఆకారాల సంగతి. ఇందులో చరిత్ర కూడ కలదు. ఈ ప్రాంతపు ఇళ్లలో ఉన్న మూడు గుండ్రని పిన్నుల ప్లగ్గు బ్రిటిషువారు తెచ్చినది. కాని 1947లో, భారతదేశానికి స్వాతంత్ర్యం వచ్చిన సంవత్సరంలోనే, బ్రిటను తన ఇళ్లకు బల్లపరుపు పిన్నుల కొత్త ప్లగ్గును ప్రమాణంగా ప్రకటించింది. వారు క్రమంగా పాతదాన్ని విడిచిపెట్టారు; ఇక్కడ పాతదే నిలిచింది. అందువలన లండనులో దిగిన భారతీయునికి బ్రిటిషువారి ప్లగ్గు చేతిలో ఉన్నా బ్రిటిషువారి సాకెట్టులో అది పట్టదు. ఆ బల్లపరుపు మూడు పిన్నుల రకమే సింగపూరు, మలేషియా, దుబాయి, ఖతర్, కువైట్, ఒమన్ దేశాలలో వాడుకలో ఉన్నది. దీనిని జి రకం అంటారు. ఈ ప్రాంతపు ప్రయాణికులకు అధికంగా అవసరమయ్యే ఎడాప్టర్ ఇదే.

ఈ జి రకం సాకెట్టులో చిన్నపిల్లల రక్షణకై లోపల మూతలు అమర్చి ఉంటాయి. పొడవైన పై పిన్ను దూరినప్పుడే క్రింది రెండు రంధ్రాలు తెరుచుకుంటాయి. కొందరు పై రంధ్రంలో కలమో పుల్లో గుచ్చి, రెండు గుండ్రని పిన్నుల చార్జరును బలవంతంగా దూర్చుతారు. అది నిప్పుతో చెలగాటం. పిన్నులు వదులుగా కూర్చుని నిప్పురవ్వలు రాగలవు. అల్పమైన ఖరీదు చేసే ఎడాప్టరుకు వెనుకాడి ఆ సాహసం చేయడం వివేకం కాదు.

అమెరికాలో రెండు పలుచని పట్టీలవంటి పిన్నులు. కొన్నింటికి క్రింద గుండ్రని మూడవ పిన్ను కూడ ఉంటుంది. ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, ఫిజీలలో ఆ పట్టీలు ఏటవాలుగా ఉంటాయి. ఐరోపా ఖండంలోని చాల దేశాలలో రెండు సన్నని గుండ్రని పిన్నులు. భారతదేశంలో ఫోనుతో వచ్చే రెండు పిన్నుల చార్జరు అక్కడ చాలచోట్ల నేరుగా పడుతుంది. అయితే జర్మనీవంటి దేశాలలో సాకెట్టు గుంటలా లోపలికి ఉంటుంది కనుక లావుపాటి చార్జరు అందులో ఇమడకపోవచ్చు. లాప్‌టాప్ యొక్క మూడు పిన్నుల ప్లగ్గుకు మాత్రం అక్కడ ఎడాప్టర్ తప్పదు.

ఇక్కడ దక్షిణాఫ్రికా మాట చెప్పుకోవడం సముచితం. 1860లో మద్రాసు రేవు నుండి ట్రూరో అనే ఓడ కూలీలను ఎక్కించుకొని డర్బన్ చేరింది. ఆనాటి నుండి అక్కడికి వలసపోయిన వారిలో తెలుగువారు అనేకులు. నేటికీ వారి సంతతి ఆ దేశంలో ఉన్నది. ఇక్కడి స్నానాల గదిలో గీజరుకు వాడే లావుపాటి మూడు పిన్నుల ప్లగ్గు ఆ దేశపు ఇళ్లలో సాధారణమైన ప్లగ్గు. ఒకే పాలకుడు రెండు దేశాలకు తెచ్చిపెట్టిన వస్తువు, వలసపోయిన వారి ఇంట, ఉండిపోయిన వారి ఇంట నేటికీ ఒకే రీతిగా ఉన్నది.

ఆకారాల ఈ గందరగోళంలో ఇటీవల కొంత వెలుగు కనిపిస్తున్నది. ఐరోపా సమాఖ్య 2024 డిసెంబరు 28 నుండి కొత్తగా అమ్మే ఫోన్లు, టాబ్లెట్లు, కెమెరాలు మొదలైనవాటికి యు.ఎస్.బి. సి రకం తీగనే నిర్బంధం చేసింది. గోడలోని సాకెట్టు దేశానికొక రకమైనా, పరికరంలో దూరే మొన ఒకటవుతున్నది. కుటుంబంలో నలుగురికి నాలుగు చార్జర్లు మోయనక్కరలేకుండా, శక్తిగల ఒక్క చార్జరు, రెండు మంచి తీగలు ఉంటే నలుగురికీ సరిపోతుంది.

విమానంలోని నియమాలు తెలియకపోతే పైన చెప్పిన సన్నాహమంతా విమానాశ్రయంలోనే వ్యర్థం కాగలదు. పవర్ బ్యాంకు అనే విద్యుత్తు నిలువ డబ్బాలో ఉండేది లిథియం బ్యాటరీ. 1991లో తొలిసారి బజారులోకి వచ్చిన ఈ బ్యాటరీని రూపొందించినందుకు గుడెనఫ్, విటింగ్‌హామ్, యోషినో అనే ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. చిన్న చోటులో అధిక శక్తిని దాచడం దీని గుణం. దెబ్బ తగిలినా, లోపల లోపమున్నా తీవ్రంగా మండటం దీని దోషం. 2025 జనవరి 28న దక్షిణ కొరియాలోని బూసాన్ విమానాశ్రయంలో బయలుదేరబోతున్న ఒక విమానం నిప్పంటుకొని కాలిపోయింది. లోపలివారందరూ ప్రాణాలతో బయటపడ్డారు. సామాను అరలో ఉంచిన పవర్ బ్యాంకు కారణమై ఉండవచ్చునని దర్యాప్తు అధికారులు తెలిపారు.

కనుక మొదటి నియమం: పవర్ బ్యాంకును, విడి బ్యాటరీలను విమానం అడుగున వేసే పెద్ద పెట్టెలో పెట్టరాదు. చేతి సంచిలోనే తీసుకుపోవాలి. రెండవ నియమం: 100 వాట్-అవర్ల వరకు సాధారణంగా అనుమతి ఉంటుంది. 100 నుండి 160 వరకు విమాన సంస్థ అనుమతి కావాలి. ఆపైన నిషేధం. డబ్బా మీద మిల్లీ ఆంపియర్-అవర్లు మాత్రమే వ్రాసి ఉంటే, ఆ సంఖ్యను 3.7తో గుణించి వెయ్యితో భాగిస్తే వాట్-అవర్లు వస్తాయి. 20,000 అని ఉన్న డబ్బా 74 వాట్-అవర్లు; 27,000 ఇంచుమించు 100. ఆరవ తరగతి విద్యార్థి చేయగల ఈ లెక్కను తాత, మనుమడు కూర్చుని ఇంటివద్దనే చేసుకోవచ్చు. అక్షరాలు చెరిగిపోయిన పాత డబ్బాను తనిఖీ అధికారులు అనుమతించకపోవచ్చు.

మూడవ నియమం సంస్థను బట్టి మారుతుంది. సింగపూరు ఎయిర్‌లైన్స్ 2025 ఏప్రిల్ 1 నుండి ప్రయాణంలో పవర్ బ్యాంకు వాడకాన్ని నిషేధించింది. ఎమిరేట్స్ 2025 అక్టోబరు 1 నుండి 100 వాట్-అవర్ల లోపు డబ్బా ఒక్కదానినే వెంట ఉంచుకోనిస్తూ, విమానంలో దాని వాడకాన్ని నిషేధించింది. ఇట్టి నియమాలు తరచుగా మారుతున్నవి గనుక టికెట్టు కొన్ననాడు ఒకసారి, బయలుదేరే ముందురోజు మరొకసారి విచారించుకోవాలి. డబ్బా ఉన్నది కదా అని ధైర్యంగా విమానమెక్కి, అక్కడ వాడరాదని తెలిసి నివ్వెరపోయే స్థితి రాకూడదు.

ఫోను ఆరిపోవడం వలన ప్రయాణమే ఆగిపోయే అవకాశం కూడ లేకపోలేదు. 2014 జులైలో అమెరికా భద్రతా అధికారులు తమ దేశానికి నేరుగా వచ్చే విమానాలకు సంబంధించి కొన్ని విదేశీ విమానాశ్రయాలలో, పరికరాన్ని వెలిగించి చూపమని ప్రయాణికులను అడగవచ్చునని, వెలగని పరికరాన్ని విమానంలోకి అనుమతించబోమని ప్రకటించారు. తనిఖీ వరుసలో నిలిచే సమయానికి ఫోను, లాప్‌టాప్ వెలిగే స్థితిలో ఉండటం మంచిదని దీనివలన తెలుస్తున్నది.

ఇప్పుడు ఆ తల్లి ప్రయాణాన్ని మొదటి నుండి లెక్కించవచ్చు. తిరునిన్రవూరులో లోకల్ రైలెక్కి సెంట్రల్‌లో దిగి, అక్కడి నుండి మెట్రోలో విమానాశ్రయం చేరాలి. విమానానికి మూడు గంటలు ముందుగా ఉండాలి. నడుమ దుబాయిలోనో దోహాలోనో విమానం మారాలి. అమెరికాలో కూతురి గడప తొక్కేసరికి ఒక పగలు, ఒక రాత్రి గడిచిపోవడం సామాన్యం. ఫోను ఒక్క చార్జితో అంతసేపు నిలువదు. కొన్ని విమానాలలో సీటు వద్ద యు.ఎస్.బి. రంధ్రం ఉంటుంది, కొన్నింటిలో ఉండదు. ఉన్నా అది నెమ్మదిగా నింపుతుంది. 10,000 అంకె గల పవర్ బ్యాంకు, నష్టాలు పోగా, సాధారణమైన ఫోనును సుమారు ఒకటిన్నర సార్లు నింపగలదు. అంతవరకు చాలు. విమానం మారే చోట జి రకం ఎడాప్టరుతో గోడ సాకెట్టు వద్ద ఒక గంట కూర్చుంటే మరింత ధైర్యం. కనుక ఎడాప్టర్ పెద్ద పెట్టెలో కాక చేతి సంచిలో ఉండాలి. గమ్యస్థానంలో వాడుకోవలసినదని పెద్ద పెట్టెలో వేసినవారికి మధ్యదారిలో అది అందదు.

పొదుపు కూడ సంపాదనతో సమానం. విమానంలో ఫోనును ఎయిర్‌ప్లేన్ స్థితిలో ఉంచితే అది సిగ్నలు కోసం వృథాగా వెదకదు. కొత్త దేశంలో సిగ్నలు బలహీనంగా ఉన్నచోట బ్యాటరీ త్వరగా హరించుకుపోతుంది. తెర వెలుగు తగ్గించాలి. కాలక్షేపానికి సినిమా ఫోనులో కాక సీటు ముందున్న తెర మీద చూడవచ్చు. చార్జి అవుతున్న ఫోనును దిండు క్రింద పెట్టి నిద్రించడం స్వదేశంలోనైనా విదేశంలోనైనా ప్రమాదకరం.

బహిరంగ స్థలాలలో ఉచితంగా అమర్చిన యు.ఎస్.బి. రంధ్రాల ద్వారా ఫోనులోని సమాచారాన్ని దొంగిలించే అవకాశం ఉన్నదని 2011 నుండి నిపుణులు హెచ్చరిస్తున్నారు. ఇటువంటి దొంగతనాలు విరివిగా జరిగినట్లు రుజువులు లేవు. అయినా సొంత చార్జరును గోడ సాకెట్టులో పెట్టుకొనేవారికి ఆ చింతే ఉండదు. పరాయి తీగను అడిగి పుచ్చుకోవడం కంటే సొంత తీగ రెండు ఉంచుకోవడం గౌరవం, క్షేమం.

వినికిడి యంత్రం వాడే పెద్దల విషయంలో బిడ్డలు ప్రత్యేక శ్రద్ధ వహించాలి. చార్జి చేసే రకమైతే దాని డబ్బా, తీగ చేతి సంచిలో ఉండాలి. విడి బ్యాటరీల రకమైతే మరొక పట్టీ వెంట ఉండాలి. విమానాశ్రయంలో గేటు మారిందని మైకులో చెప్పిన మాట వినబడకపోతే, మిగతా సన్నాహమంతా ఉన్నా విమానం తప్పిపోగలదు.

ఇన్ని జాగ్రత్తలు చెప్పిన తరువాత చివరి మాట ఒకటి మిగిలి ఉన్నది. ఎంత సన్నాహం చేసినా ఒకనాడు ఫోను ఆరిపోవచ్చు, క్రింద పడి పగిలిపోవచ్చు, పోగొట్టుకోవచ్చు. అటువంటి ఘడియకు ఆధారం ఒక కాగితం. ఒక వైపు తెలుగులో, రెండవ వైపు ఇంగ్లీషులో, పెద్ద అక్షరాలతో గమ్యస్థానపు చిరునామా, ఇద్దరి ఫోను నంబర్లు, విమానాల నంబర్లు, వాడుతున్న మందుల పేర్లు, ఉన్న జబ్బుల పేర్లు వ్రాసి పాస్‌పోర్టులో మడిచి పెట్టాలి. తెలుగు వైపు చదువుకొనేది ఆ తల్లి. ఇంగ్లీషు వైపు చదివేది ఆమెకు సాయపడే అపరిచితుడు. టికెట్టు నకలు కూడ కాగితం మీద ఒకటి ఉండాలి.

ఆ కాగితం కంటే నమ్మకమైనది మరొకటి ఉన్నది. ఈ పాఠశాల వరండాలలో డెబ్బది అయిదేండ్లుగా పిల్లలు ఎక్కాలు వల్లించారు, పద్యాలు కంఠస్థం చేశారు. పంతొమ్మిదవ ఎక్కం తడబడకుండా చెప్పిన నోటికి పది అంకెల నంబరు ఒక లెక్క కాదు. కాని నేడు సొంత కూతురి నంబరు నోటికి రాని తల్లులు, తండ్రి నంబరు చెప్పలేని కొడుకులు ఉన్నారు; ఫోనే గుర్తుంచుకుంటుంది కదా అన్నది వారి ధీమా. విదేశానికి బయలుదేరేముందు పెద్దలు ఒక నంబరును, దేశపు సంఖ్యతో సహా, పద్యంవలె వల్లె వేయాలి. ఇంటిలోని చిన్నవారు వారిచేత అప్పజెప్పించుకోవాలి. ఒకనాడు తాతలు మనుమలచేత చేయించిన పనిని ఈనాడు మనుమలు తాతలచేత చేయించడంలో ఒక ముచ్చట కూడ కలదు.

పూసలారు గుడికి రాయి, సున్నం, ధనం అక్కరలేకపోయినవి. ఆ గుడి ఆయన హృదయంలో ఉన్నది. కంఠస్థమైన విద్య కూడ అటువంటిదే. దానికి ప్లగ్గు లేదు, పిన్ను లేదు, వోల్టుల భేదం లేదు. చార్జరు, ఎడాప్టరు, పవర్ బ్యాంకు అన్నీ చేతి సంచిలో ఉండవలసినవే. వాటితోపాటు ఆ ఒక్క నంబరు నోటిలో ఉన్నప్పుడు సన్నాహం పూర్తి అయినట్లు. ఈ ఊరి నుండి బయలుదేరే ప్రతి తల్లి, ప్రతి తండ్రి క్షేమంగా వెళ్లి లాభంగా తిరిగివచ్చెదరు గాక. ఈ విద్యాలయం శతవసంతాలు చూచును గాక.

స్వస్తి.